ముక్క లోతుగా తీశాకే తెలిసింది

నెల మధ్యలో బ్లీడింగ్ కనబడుతుంటే ముట్లు ఆగే వయసు కదా అని నాలుగు నెలలు ఊరుకున్నాను. అప్పటికి నాకు 47. నడుము నొప్పి కూడా మొదలయ్యాక ఖమ్మంలో డాక్టర్‌కి చూపించుకున్నాను. గర్భసంచి ముఖద్వారం పైపొర కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్ష నార్మల్ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. బ్లీడింగ్ మాత్రం ఆగలేదు. స్కానింగ్ తీస్తే గర్భసంచి ముఖద్వారం దగ్గర 6 సెంటీమీటర్ల గడ్డ. చిన్న ముక్క తీసి పంపితే రిపోర్టులో ‘వాపు’ అని రాశారు. అయినా అనుమానమే, గర్భసంచి తీసేద్దాం అని ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు.

మా అక్క ఒప్పుకోలేదు. “ఏ జబ్బో తేలకుండా కోయించుకుంటావా? హైదరాబాద్‌లో ఇంకొకరికి చూపిద్దాం పద” అంది. బయాప్సీ బ్లాకు అడిగి తెచ్చుకున్నాం. చిన్న ప్లాస్టిక్ గూడు, అందులో మైనం, ఆ మైనంలో గోధుమగింజంత నా ఒంటి ముక్క. బస్సులో దారి పొడవునా హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లోంచి దించలేదు.

అక్కడ డాక్టరమ్మ చేత్తో పరీక్ష చేసి, “పైపొర నున్నగానే ఉందమ్మా, గడ్డ దాని కింద పెరుగుతోంది. అందుకే స్మియర్‌లో దొరకలేదు” అన్నారు. నేను తెచ్చిన ముక్కలో కణాలు నలిగిపోయాయట. ఈసారి మత్తిచ్చి లోతుగా తీశారు. ఆ ముక్కకి ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేస్తే మామూలు గర్భసంచి క్యాన్సర్‌లో కనబడే సైటోకెరాటిన్ అనే ప్రొటీన్ లేదు, బీ-కణాలనే ఒకరకం తెల్ల రక్తకణాల మీద ఉండే సీడీ20 అనే ప్రొటీన్ ఉంది. డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా, అంటే ఆ బీ-కణాల్లో పుట్టే క్యాన్సర్ అన్నారు. “లింఫోమా అంటే మెడలో గడ్డలు కదండీ?” అని అడిగాను. అరుదుగా గర్భసంచిలోనూ మొదలవుతుందట. ఒళ్లంతా చూసే పెట్ స్కాన్‌లో ఇంకెక్కడా కనబడలేదు. ఎముక మజ్జ కూడా బాగానే ఉంది.

“ఆపరేషన్ వద్దు, దీనికి మందే వైద్యం” అన్నారు. ఆ మాటకి నేను ఏడ్చేశాను. తప్పు జబ్బుకి కోయించుకోబోయానే అన్న భయం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

21 రోజులకోసారి ఆర్-చాప్ అనే కీమో మందులు, మొత్తం 6 సార్లు. అందులో ఎర్రమందు ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తే మళ్లీ బ్లీడింగే అనుకుని బాత్రూమ్‌లోంచే అక్కని కేకేశాను. మందు రంగేనని నర్సు చెప్పేదాకా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. జుట్టు రాలింది. వేళ్లు తిమ్మిరెక్కి జాకెట్టు హుక్స్ కూడా అక్కే పెట్టేది.

ఆఖరి స్కాన్‌లో గడ్డ జాడ లేదు. కీమో అయిపోయి 14 నెలలైంది, చెకప్‌లకి వెళ్తున్నాను. తిమ్మిరి పూర్తిగా పోలేదు. హుక్స్ మాత్రం నేనే పెట్టుకుంటున్నాను.