ఈ డిస్కు ఏ దేశానిది? శ్రీకాకుళంలో నా జాబితా పని, ఇప్పటివరకు

సంక్రాంతికి మొదలుపెట్టిన పని ఇప్పుడు ఒక దారిన పడింది. ఏం చేశానో, ఏం తేలిందో ఒకచోట రాసి పెడుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దొరికే పాత వీడియో గేమ్ డిస్కులు, క్యాసెట్లు ఏ దేశం కోసం తయారైనవో గుర్తించి, ఒక్కోదానికి ఒక్కో వరుస రాసుకుంటూ పోతున్నాను. ఒకే ఆట అమెరికాలో ఒకలా, జర్మనీలో ఒకలా, జపాన్‌లో ఇంకోలా వస్తుంది. తేదీ మారుతుంది, ధర మారుతుంది, లోపలి సరుకూ మారుతుంది. మరి మన ఊళ్లలో మనం ఆడింది వీటిలో ఏది? నేను వెతికినంతలో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ డిస్కులు ఇంకా అటకల మీద ఉన్నాయి కాబట్టి ఇప్పుడైతే తెలుసుకోవచ్చు. పాత సామాన్ల బండికి వెళ్లిపోయాక తెలుసుకునే దారి ఉండదు.

జనవరి, ఫిబ్రవరి

ముందు జాబితా. ఫోన్‌లో ఒక షీట్, దాంతోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్. ఆట పేరు, డిస్కు మీది కోడ్, అట్ట మీది వయసు గుర్తు, ఎంఆర్‌పీ స్టిక్కర్ ఉంటే దాని మీద ఉన్నదంతా, ఏ ఊళ్లో దొరికింది, ఆడి చూస్తే కనిపించిన తేడా.

వయసు గుర్తు చూస్తే సగం పని అయిపోతుంది. ‘పెగి’ అని రాసి పక్కన అంకె ఉంటే యూరప్ కాపీ. నలుపు తెలుపు గడిలో పెద్ద ఇంగ్లిష్ అక్షరం, కింద ‘ఈఎస్ఆర్‌బీ’ అని ఉంటే అమెరికా. ‘సెరో’ ఉంటే జపాన్. మూల మీద నిలబెట్టిన చదరం, ‘యూఎస్‌కే’ అని ఉంటే జర్మనీ. మన దేశానికి ఆటలకంటూ సొంత రేటింగ్ బోర్డు లేదు. ఇక్కడి షాపుల్లో అమ్మిన అసలు ప్లేస్టేషన్ డిస్కుల మీద నాకు ఎక్కువగా కనిపించింది పెగి గుర్తే.

కోడ్ ఇంకా నమ్మకమైనది. పీఎస్2 (ప్లేస్టేషన్ 2) డిస్కు మీద ‘ఎస్ఎల్ఈఎస్’, ‘ఎస్ఎల్‌యూఎస్’, ‘ఎస్ఎల్‌పీఎం’ లాంటి నాలుగు అక్షరాలు, తర్వాత అయిదు అంకెలు ఉంటాయి. మూడో అక్షరం చూస్తే చాలు. ఈ అంటే యూరప్, యూ అంటే అమెరికా, పీ అంటే జపాన్. పీఎస్3లో జపాన్‌కి జే, ఆసియాకి ఏ.

స్టిక్కర్‌ని మాత్రం ఎవరూ తుడిచేయకండి. దిగుమతి చేసుకున్నవారి పేరు, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన ధర దాని మీదే ఉంటాయి. డిస్కు మన దేశానికి ఎప్పుడొచ్చిందో చెప్పే సాక్ష్యం చాలాసార్లు అదొక్కటే. నేను అట్ట తుడవకముందే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీస్తున్నాను.

మార్చి

అట్టలున్నవి త్వరగా అయిపోయాయి. మన జిల్లాల్లో ఎక్కువగా దొరికేవి అట్టల్లేనివే. విజయనగరంలో కోట దగ్గర ఒకప్పుడు గేమ్ షాపు నడిపినాయన, ప్లాస్టిక్ డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంగ కాపీ డిస్కులు తెచ్చి ముందు పెట్టారు. “ఏటి బాబూ, ఈటితో ఏటి సేస్తావు? పనికొస్తాయంటావా?” అన్నారు. నా పనికి వాటిని మించినవి లేవు. గంటకింత అని డబ్బిచ్చి ఆ షాపులో కూర్చున్న కుర్రాళ్లందరూ ఆడింది ఆ డిస్కులే.

వాటి మీద కోడ్ ఉండదు, మార్కర్‌తో రాసిన పేరుంటుంది, అంతే. అయితే పీఎస్2 డిస్కుని కంప్యూటర్‌లో పెట్టి తెరిస్తే ‘సిస్టమ్ డాట్ సీఎన్ఎఫ్’ అని చిన్న ఫైలు కనిపిస్తుంది. నోట్‌ప్యాడ్‌తో తెరవండి. మొదటి వరుసలో ‘బూట్2’ పక్కన ఆట కోడ్ ఉంటుంది. తర్వాత ‘వెర్’ అని ముద్రణ సంఖ్య, ‘వీమోడ్’ అని ఒక వరుస. ఆ వీమోడ్‌లో పాల్ అనో ఎన్‌టీఎస్‌సీ అనో టీవీ పద్ధతి రాసి ఉంటుంది.

నీలం మార్కర్‌తో ‘శాన్ ఆండ్రియాస్’ (జీటీఏ వరుసలోని ఆట) అని రాసిన డిస్కు తెరిస్తే వచ్చిన కోడ్ ఎస్ఎల్‌యూఎస్ 20946. అమెరికా కాపీ, వీమోడ్ ఎన్‌టీఎస్‌సీ. ఆ ఆట అమెరికాలో 2004 అక్టోబర్ 26న, యూరప్‌లో అక్టోబర్ 29న వచ్చింది. జపాన్‌కి 2007లో గానీ రాలేదు. అమెరికా డిస్కుల్లోనూ రెండు రకాలున్నాయి. ఆటలో తీసేయకుండా దాచి వదిలేసిన ఒక శృంగార ఘట్టం 2005లో బయటపడింది. రేటింగ్‌ని పెద్దలకు మాత్రమే అని మార్చారు, కంపెనీ పాత ముద్రణ ఆపేసి ఆ భాగం లేకుండా కొత్తది వేసింది. అందుకే వెర్ సంఖ్య కూడా రాసుకుంటున్నాను.

అమెరికా కోడ్ చూడగానే ఒక పాత సందేహం తీరింది. మన పాత టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50 సార్లు బొమ్మ గీసేవి. అమెరికా, జపాన్‌లది ఎన్‌టీఎస్‌సీ, 60 సార్లు. అసలు పీఎస్2 వేరే ప్రాంతపు డిస్కుని తీసుకోదు. మన షాపుల్లో చిప్పు వేయించిన మెషీన్లు కాబట్టి ఏదైనా ఆడేసేవి. కానీ ఎన్‌టీఎస్‌సీ రంగుల్ని చదవలేని పాత టీవీకి తగిలిస్తే బొమ్మ నలుపు తెలుపులో వచ్చేది. ‘డిస్కు పాడైంది’ అని పక్కన పడేసిన డిస్కులు ఆ డబ్బాలోనే ఉన్నాయి. వాటిలో నేను తెరిచినవన్నీ ఎన్‌టీఎస్‌సీవే. డిస్కుల్లో ఏ లోపమూ లేదు.

పాల్ కాపీకి ఇంకో బాధ ఉంది. 60కి రాసిన ఆటని సర్దుబాటు చేయకుండా 50కి అమ్మితే ఆట మొత్తం నెమ్మదిస్తుంది. సెగా మెగా డ్రైవ్ అనే మెషీన్ మీద మొదటి సోనిక్ ఆట (1991) దీనికి పేరుపడిన ఉదాహరణ. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌ని పాత గేమ్ మెషీన్‌లా నడిపించే ప్రోగ్రాం) ప్రాంతం యూరప్‌కి మార్చి, పక్కన ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. ఆటలో నిమిషం గడిచేసరికి ఫోన్‌లో 72 సెకన్లు దగ్గరపడతాయి. పాట కూడా సాగుతుంది. చాలా పీఎస్2 పాల్ ఆటలు మొదట్లోనే 50 కావాలా 60 కావాలా అని అడుగుతాయి. టీవీ తీసుకుంటే 60 పెట్టుకోండి.

ఏప్రిల్

ఈ నెల క్యాసెట్లు. కాంట్రా ఆట ఉన్నవే ముందు తీశాను, ఎందుకంటే ఏ దేశపుదో కంటితోనే చెప్పేయొచ్చు. మనుషుల బదులు రోబోలుంటే అది యూరప్‌ది, అక్కడ పేరు కూడా ప్రోబొటెక్టర్. మనుషులే ఉండి, మొదటి స్టేజీలో చెట్ల ఆకులు ఊగుతూ ఉంటే, మధ్యమధ్యలో మ్యాపు, కథ బొమ్మలు వస్తుంటే జపాన్‌ది. మనుషులుండి ఆకులు కదలకపోతే అమెరికాది.

ఆమదాలవలసలో ఒక అన్న దగ్గర దొరికిన పసుపు క్యాసెట్ తగిలించి కూర్చున్నాం. ఆకులు కదల్లేదు. మంచు స్టేజీ దాకా ఆడి చూశాం, జపాన్ కాపీలో కురిసే మంచు ఇందులో లేదు. తర్వాత దొరికినవీ అంతే. జపాన్ క్యాసెట్‌లో కొనామీ సొంత చిప్పు ఒకటి ఉండేది, ఆ ఊగే ఆకులు దాని చలవే. అమెరికా క్యాసెట్ సాదా బోర్డు మీద నడిచేది. ‘999 ఆటలు’ అని అచ్చేసి అమ్మినవాళ్లకి ఆ సాదాదే సులువై ఉంటుందని నా అంచనా. మనం మంచు కురవని కాంట్రా ఆడి పెరిగామన్నమాట. ఆ మంచు మొదటిసారి ఎమ్యులేటర్‌లో చూసినప్పుడు నాకు చాలా సంతోషమైంది.

మే: తేదీలు, ధరలు

ఎండలకి బయట తిరగలేక కూర్చుని తేదీల కాలమ్ నింపాను. పీఎస్2 జపాన్‌లో 2000 మార్చి 4, అమెరికాలో అక్టోబర్ 26, యూరప్‌లో నవంబర్ 24. పీఎస్3 జపాన్, అమెరికాల్లో 2006 నవంబర్‌లో వస్తే, నీలి లేజర్ భాగాల కొరత వల్ల యూరప్‌కి 2007 మార్చి 23 అయింది. పీఎస్5 అమెరికాలో 2020 నవంబర్ 12, మన దగ్గర 2021 ఫిబ్రవరి 2. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మాత్రం ప్రపంచంతోపాటే 2020 నవంబర్ 10న ఇక్కడా వచ్చింది. కాబట్టి ఆలస్యాన్ని ‘మన దేశం ఖర్మ’ అని సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. కంపెనీ అనుకుంటే జరిగే పనే.

కొన్నిటికి తేదీయే లేదు. ఫాల్‌అవుట్ 3ని ఎక్స్‌బాక్స్ 360 మీద భారత్‌లో విడుదల చేయడం లేదని మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబర్‌లో ప్రకటించింది, సాంస్కృతిక సున్నితత్వాలు కారణమంది. అదే ఆటలో మార్ఫిన్ పేరు ఆస్ట్రేలియా బోర్డు అభ్యంతరం వల్ల మెడ్-ఎక్స్ అయింది, అదీ ప్రపంచమంతటికీ. జపాన్ కాపీలో అణుబాంబుతో ఊరిని పేల్చే అవకాశం తీసేశారు. ఒకే ఆటకి ఇన్ని కత్తిరింపులు, మూడు దేశాల్లో మూడు కారణాలు.

ధర సంగతి. పీఎస్5 విడుదలైనప్పుడు మన దగ్గర 49,990, అమెరికాలో పన్ను కాకుండా 499 డాలర్ల 99 సెంట్లు ఉండేది. అప్పటి రేటు డాలర్‌కి సుమారు 73 వేసుకుంటే 36,500. డిమన్స్ సోల్స్ లాంటి పెద్ద డిస్కు అప్పుడు ఇక్కడ 4,999, అక్కడ 70 డాలర్లు, అంటే ఇంచుమించు సమానం. మన జీతాలు మాత్రం సమానం కావు. కంప్యూటర్‌లో ఆడేవాళ్లకి స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం 2015 నవంబర్‌లో రూపాయల్లో ధరలు పెట్టాక ఊరట దొరికింది, ఇప్పుడు యూపీఐతో కొనేయొచ్చు. అయినా కొందరు చవకని అర్జెంటీనా, టర్కీ ఖాతాలు తెరిచేవారు. 2023 నవంబర్‌లో ఆ రెండు దేశాలకీ స్థానిక కరెన్సీ తీసేసి డాలర్లు పెట్టారు. కష్టం వచ్చింది అక్కడి పిల్లలకే. నన్నడిగితే ఆ పని చెయ్యొద్దనే చెబుతాను. రేపు మన రూపాయి ధరకీ అదే గతి పట్టొచ్చు.

ఇంకో చిన్న లెక్క. పసిఫిక్ టైమ్ ఉదయం 10కి విడుదల అని కనిపిస్తే, మనకి వాళ్ల వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. సెలవు పెట్టుకునే ముందు చూసుకోండి.

జూన్, జూలై

మేనల్లుడు సెలవులకి వచ్చి నా నోట్‌బుక్ తిరగేశాడు. “మావా, మా బీజీఎంఐలో నెత్తురు పచ్చగా ఎందుకుంటాదో ఇందులో రాయలేదేటి?” అన్నాడు. నిజమే, అదీ ప్రాంతీయ వెర్షనే. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్ 2న నిషేధించాక, 2021 జూలై 2న మన దేశానికి విడిగా ఈ బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చింది. ఆకుపచ్చ రక్తం, 18 ఏళ్లలోపు వాళ్లకి రోజుకు 3 గంటల పరిమితి దాని గుర్తులు. డిస్కు లేని ఆటలకి వేరే పేజీ పెట్టి, మొదటి వరుస వాడి చేతే రాయించాను.

రాజాంలో ఉన్న స్నేహితుడు ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పీఎస్4 డిస్కు పాతది కొన్నాడు. ‘ఇండియన్ కాపీ’ అని అమ్మారు. వచ్చింది ఈఎస్ఆర్‌బీ గుర్తున్న అమెరికాది. పీఎస్4, పీఎస్5 డిస్కులకి ప్రాంతపు తాళం లేదు కాబట్టి ఆట చక్కగా నడిచింది. వాడు మన ఖాతాలో విడిగా కొన్న డీఎల్‌సీ (ఆటకి అదనంగా ఆన్‌లైన్‌లో కొనుక్కునే భాగం) మాత్రం ఆ డిస్కుతో కలవలేదు. డీఎల్‌సీ కొనే ఆలోచన ఉంటే, డబ్బు పంపేముందు అట్ట వెనక వైపు ఫొటో అడగండి, వయసు గుర్తు చూడండి.

భద్రపరచడం గురించి రెండు మాటలు. తీరం గాలికి అట్టల్లోని కాగితం ముందు పాడవుతుంది. 2018 తిత్లీ తుపానులో తడిసిన పెట్టె ఒకటి పలాసలో చూశాను. కాగితాలు ముద్దై ప్లాస్టిక్‌కి అంటుకుపోయాయి, డిస్కులు మాత్రం ఆడాయి. అందుకే కాగితాలు తీసి వేరే కవర్లలో పెడుతున్నాను, ప్రతి పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేస్తున్నాను. డిస్కు తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి.

ఆగస్టు, ఇక ముందు

ఇప్పుడు నా దృష్టంతా రెండు పీఎస్2 ఆటల మీద ఉంది. హనుమాన్: బాయ్ వారియర్, దేశీ అడ్డా. రెండూ 2009లో వచ్చాయి, రెండూ హైదరాబాద్‌లో తయారయ్యాయి, మొదటిది అరోనా టెక్నాలజీస్‌ది, రెండోది గేమ్‌శాస్త్రది. ఇంతదాకా జాబితాలో ఉన్నవన్నీ వేరేవాళ్ల కోసం చేసి మన దాకా వచ్చినవి. ఇవి మన కోసం చేసినవి, ఇంతవరకు ఒక్క కాపీ కూడా కంటపడలేదు. బొబ్బిలిలో ఒకాయన దగ్గర అట్టలతో సహా పీఎస్2 పెట్టె ఉందని విన్నాను, ఆదివారం పాసింజర్‌లో వెళ్తున్నాను.

మీ ఇంట్లో ఈ రెండిట్లో ఏదున్నా నాకు అమ్మక్కర్లేదు. డిస్కు ముఖం, అట్ట వెనక, స్టిక్కర్ ఉంటే అది, మూడు ఫొటోలు తీసి దాచండి. సిస్టమ్ డాట్ సీఎన్ఎఫ్ తెరిచి మూడు వరుసలూ కాగితం మీద ఎక్కించి అట్టలోనే పెట్టేయండి.