వతూల్కో నుంచి వహాకా దాకా, ఇద్దరు పిల్లలతో బస్సుల్లో

ఇంటికొచ్చాం కానీ బ్యాగులింకా హాల్లోనే పడున్నాయి, చుట్టూ ఇసక. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. చల్లారాక రాస్తే అంతా బాగానే జరిగిందని రాసేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

మేముండేది హ్యూస్టన్‌లో. ఇక్కడి తెలుగువాళ్ళు మెక్సికో వెళ్ళొచ్చామంటే కాన్‌కున్ అనే అర్థం. చేతికో రంగు పట్టీ, మూడు పూటలా బఫే, స్విమ్మింగ్ పూల్ పక్కన ఫొటోలు. పిల్లలున్నవాళ్ళకి అది హాయే, కాదనను. కానీ ఆ కాంపౌండ్ గోడ దాటకుండా తిరిగొచ్చి "మెక్సికో చూసేశాం" అంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. మేం వెళ్ళింది అవతలి పక్కకి, పసిఫిక్ వైపు, వహాకా రాష్ట్రపు తీరానికి. కారు అద్దెకు తీసుకోలేదు. బస్సులు, షేర్ ట్రక్కులు, అంతే. పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి రెండు నిండి కొన్ని నెలలు. "పసిపిల్లల్ని బస్సుల్లో తిప్పుతారా, పిచ్చా వదినా?" అని మా ఆడపడుచు ఫోన్‌లో అంది. ఆవిడ కూడా ఇది చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

వీసా గురించి ముందే చెప్పేస్తాను. ఇండియన్ పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. ఎయిర్‌పోర్టులో దిగగానే ముద్ర కొట్టి, ఎన్నాళ్ళు ఉండొచ్చో పెన్నుతో అంకె వేస్తారు. ఇదివరకు ఒక కాగితం చీటీ ఇచ్చేవాళ్ళు, వెళ్ళేటప్పుడు తిరిగి ఇవ్వాలి. ఇప్పుడు చాలా ఎయిర్‌పోర్టుల్లో ఆ చీటీ లేదు, ముద్ర ఒక్కటే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నా ప్రాణం తీసింది ఇదే.

వతూల్కోలో దిగాం. మొత్తం తొమ్మిది అఖాతాలు, వాటి చుట్టూ 1980ల్లో ప్రభుత్వమే ప్లాను గీసి కట్టించిన ఊరు. అందుకే రోడ్లు శుభ్రం, మురుగు వాసన లేదు. పిల్లలకైతే లా ఎంత్రేగా బీచ్. అలలు లేవు, మోకాలి లోతు నీళ్ళలో చేపలు కాళ్ళ మధ్యే తిరుగుతాయి. చిన్నది ఒడ్డుకి రానని ఏడ్చింది.

అక్కడినుంచి పోచూత్లకి బస్సు. ఇబ్బందేమీ లేదు. పెద్దవాడికి సగం టికెట్, ఒడిలో కూర్చునేదానికి అడగలేదు. కౌంటర్లో కుర్రాడు పేర్లు రాసుకుంటూ ప్రతి ఒక్కరికీ రెండో ఇంటిపేరేంటని అడిగాడు. అక్కడ అందరికీ నాన్న ఇంటిపేరు ఒకటి, అమ్మ ఇంటిపేరు ఒకటి, రెండూ ఉంటాయి. నేనూరుకుంటానా, మావాడి టికెట్ మీద మా పుట్టింటి పేరు కూడా రాయించాను. మా ఆయన గొణిగారు. గొణగనివ్వండి.

బస్సులో ఏసీ సంగతి మాత్రం జాగ్రత్త. బయట చెమటలు కారుతుంటే లోపల ఊటీ. పిల్లలకి స్వెట్టర్, సాక్సు చేతి సంచిలోనే ఉంచండి, డిక్కీలోకి వెళ్ళిన బ్యాగులో కాదు. ఇంకోటి, రోడ్డు మీద ప్రతి ఊరి ముందూ, ప్రతి ఊరి తర్వాతా స్పీడ్ బ్రేకర్లు. వాటిని అక్కడ తోపె అంటారు. ఒక్కోటి మోకాలెత్తు. వెనక సీట్లో కూర్చుంటే తిన్నదంతా పైకొస్తుంది. ముందు వరుసల్లోనే సీట్లు అడగండి.

పోచూత్ల నుంచి మసూంతెకి షేర్ ట్రక్కు. వెనక రెండు బల్లలు, పైన టార్పాలిన్, పట్టుకోడానికి ఇనప కడ్డీ. చిన్నప్పుడు పాపికొండల వైపు ఎక్కిన జీపులకి చుట్టమే. డ్రైవర్ నన్నూ చిన్నదాన్నీ చూసి ఏమీ అడక్కుండానే ముందు క్యాబిన్‌లోకి ఎక్కించాడు. చిల్లర పెసోలు మాత్రం ఉంచుకోండి, పెద్ద నోటు చూపిస్తే ట్రక్కంతా మీకేసే చూస్తుంది. దారిలో సిపొలీతె అని ఒక ఊరు. ఒంటి మీద బట్టల్లేకుండా తిరిగే బీచ్ అది. అత్తగారితో వెళ్ళేవాళ్ళు అక్కడ దిగకుండా ముందుకెళ్ళిపోండి.

మసూంతెలో తాబేళ్ళ కేంద్రం ఉంది. ఒకప్పుడు ఆ ఊళ్ళవాళ్ళ బతుకంతా తాబేళ్ళని పట్టి చంపడం మీదే నడిచింది. 1990లో ప్రభుత్వం నిషేధించాక ఇప్పుడు వాటిని చూపించి బతుకుతున్నారు. మావాడు ఇప్పటికీ అదే చెప్తున్నాడు. అక్కడ దొరికే హమాయికా అనే ఎర్రటి చల్లని పానీయం మన గోంగూర జాతి పూల అడుగునుండే ఎర్రటి రక్షకపత్రాలతో చేసేదే. రెండో గుక్కలోనే నాకు పులుపు తెలిసిపోయింది. శాకాహారులైతే బీన్స్‌లో పందికొవ్వు వేస్తారేమో అడిగి తినండి. "సిన్ మాంతేకా" అంటే చాలు.

తర్వాత పుయెర్తో ఎస్కొందీదో. సికతేలా బీచ్ సర్ఫింగ్ చేసేవాళ్ళది, అక్కడ పిల్లల్ని నీళ్ళలోకి దింపొద్దు, అల వెనక్కి లాగేస్తుంది. పిల్లలకి కరిసలీయో మేలు. కాకపోతే నూట అరవైకి పైగా మెట్లు దిగాలి. దిగడం సరే, రెండేళ్ళ పిల్ల ఎక్కేటప్పుడు నడుస్తుందా? ఎత్తుకున్నది నేను.

ఇంతవరకూ ఎవరైనా చేయగలిగిందే. ఇక ఆ కౌంటర్.

పుయెర్తో ఎస్కొందీదో నుంచి వహాకా నగరానికి బస్సెక్కి, అక్కడినుంచి ఫ్లైట్‌లో ఇంటికి రావాలి. ఆ బస్సు కంపెనీ యాప్ మా కార్డులు వేటినీ తీసుకోలేదు. సరే, టెర్మినల్‌కే వెళ్ళాం. కంపెనీ పేరు రాయను, కానీ ఆ అద్దం కిటికీని ఎక్కడ చూసినా గుర్తుపడతాను. లోపల నేల మీద మూటలు పెట్టుకుని కొన్ని కుటుంబాలు కూర్చున్నాయి. గ్వాతెమాలా సరిహద్దులో తపచూలా దగ్గర మెక్సికోలోకి వచ్చి, అమెరికా వైపు వెళ్ళేవాళ్ళు చాలామంది ఈ రాష్ట్రం మీదుగానే పోతారు. చదివి తెలుసు. చూడటం అప్పుడే.

మా ముందు సర్ఫింగ్ పలకలతో ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు. పేరు చెప్పారు, డబ్బిచ్చారు, వెళ్ళిపోయారు. ఒక్క నిమిషం. మేం కిటికీ ముందుకి రాగానే లోపల కూర్చున్న టికెట్లావిడ నా మొహం చూసి, టికెట్ ఎక్కడికని కూడా అడక్కుండా "పసపోర్తె" అంది.

ఇచ్చాను. నాది కొత్త పాస్‌పోర్టు, అమెరికా వీసా పాతదాంట్లో ఉంది. రెండూ కలిపి రబ్బర్ బ్యాండ్ వేసి ఉంచుతాను, మనలో చాలామందికి మామూలే. ఆవిడకి మామూలు కాదు. ఒకరికి రెండెందుకని పాతదాన్ని తిప్పి తిప్పి, మూల కత్తిరించి ఉండటం చూసి ఇది చెల్లదంది. వీసా చెల్లుతుందని ఫోన్‌లో అనువాదం చేసి చూపించాను. చదవలేదు. కాగితం ఏది, ఎంట్రీ కాగితం? ఇప్పుడు కాగితం ఇవ్వట్లేదు, ఇదిగో ముద్ర. ముద్ర మసగ్గా పడింది, నిజమే. కొట్టింది నేనా?

మా ఆయనకి గాభరా వస్తే కాగితాలు తీస్తారు. ఫైలు తెరిచి హెచ్‌వన్‌బీ అప్రూవల్, ఆఫీసు ఐడీ కార్డు, తిరుగు ప్రయాణం టికెట్లు, ఆఖరికి ఇంటి అద్దె అగ్రిమెంట్ కూడా ఒక్కోటే అద్దం కింద నుంచి లోపలికి తోస్తున్నారు. ఆవిడ ఒక్కోటే వెనక్కి తోస్తోంది. ఇంజనీరింగ్ నుంచి ఇప్పటిదాకా మేం సంపాదించుకున్న మర్యాదంతా ఆ సందులోంచి అటూ ఇటూ జారుతోంది. మావాడు అద్దానికి ముక్కు ఆనించి ఊడిపోయిన పన్ను జాగా ఆవిడకి చూపిస్తున్నాడు. చిన్నది టాయిలెట్ అంటోంది. టాయిలెట్‌కి నాణేలు వేస్తేగానీ గేటు తిరగదు. నాణేలు లేవు. కౌంటర్‌లో చిల్లర అడిగితే "తర్వాత" అంది. తర్వాత వరకు ఆగే వయసా అది?

ఆవిడ మా పాస్‌పోర్టులన్నీ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. మా ఆయన నా చెవిలో, "2019లో మనవాళ్ళని 311 మందిని ఒకే విమానంలో ఢిల్లీకి పంపేశారు వీళ్ళు, గుర్తుందా?" అన్నారు. ఆ టైంలో చెప్పాల్సిన మాటేనా అది?

వెనక క్యూ పెరిగింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, చూస్తూ నిలబడ్డారు. కాన్‌కున్ వెళ్ళినవాళ్ళందరూ నాకప్పుడు గుర్తొచ్చారు.

ఆవిడ తిరిగొచ్చి, పైనుంచి అనుమతి కావాలంటూ ఫోన్ పట్టుకుంది. చిన్నదానికి టికెట్ అక్కర్లేదు గనక దాని పాస్‌పోర్టు మేం ఇవ్వలేదు, ఆవిడ అడగనూ లేదు. ఫైలు సర్దుతుంటే అది బల్ల మీద పడింది. నీలం రంగు అమెరికా పాస్‌పోర్టు. చిన్నది పుట్టింది హ్యూస్టన్‌లో, పెద్దవాడు గుంటూరులో. ఆవిడ ఫోన్ పెట్టేసింది. దాన్ని తెరిచి చూసి, చిన్నదాన్ని చూసి, "ఆ, అమెరికానా! కె బొనీతా!" (ఎంత ముద్దుగా ఉందో) అంటూ నవ్వింది. టికెట్లు ప్రింటయ్యాయి. ముందు వరుసలోనే ఇచ్చింది. చిల్లర కూడా ఇచ్చింది, కానీ దాని అవసరం అప్పటికే దాటిపోయింది.

బట్టలు మార్చి బయటకొస్తుంటే, నేల మీద కూర్చున్న ఒక కుర్రాడు హిందీలో "దీదీ, మీరేం కాగితం చూపించారు?" అని అడిగాడు. అప్పటిదాకా అతను మనదేశం వాడని నేను గమనించలేదు. పాపది, అన్నాను. నవ్వి, పక్కవాడికి పంజాబీలో చెప్పాడు, వాడూ నవ్వాడు. ఊరు అడిగేలోపే మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. వాళ్ళతో మాట్లాడుతూ కనిపిస్తే మళ్ళీ మొదటికొస్తుందని ఆయన భయం. భయం తప్పని నేననను. కానీ బస్సులో సగం దూరం ఆయనతో మాట్లాడలేదు.

బస్సు ప్రయాణం మాత్రం బాగుంది. 2024 ఫిబ్రవరిలో కొత్త హైవే తెరిచారు. ఇదివరకు కొండల్లో మెలికలు తిరిగే దారిలో ఆరేడు గంటలు పట్టేది, ఇప్పుడు సుమారు మూడు. అయినా మలుపులుంటాయి, వాంతుల మాత్ర డాక్టర్‌ని అడిగి దగ్గర పెట్టుకోండి. మావాడు ప్లాస్టిక్ కవర్లోనే చేసుకున్నాడు, సీటు పాడు చేయలేదు. ఆ విషయంలో వాడిని మెచ్చుకోవాలి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: ముద్ర సరిగ్గా పడిందో లేదో ఎయిర్‌పోర్టులోనే చూసుకోండి, అంకె కనబడకపోతే అక్కడే నిలబడి మళ్ళీ వేయించుకోండి. వీసా పేజీ, ముద్ర పేజీ కలిపి కలర్ ప్రింట్ తీసుకోండి. అదే రూటులో నడిచే వ్యాన్లవాళ్ళు పేరు తప్ప ఏమీ అడగరని వహాకాలో మా హోటల్ ఆయన తాపీగా చెప్పారు. ఇంట్లో ఎవరికైనా నీలం పాస్‌పోర్టుంటే అన్నిటికన్నా పైన పెట్టండి. నాకిష్టం లేదు ఇలా చెప్పడం, అయినా పెట్టండి.

మా ఆడపడుచు నిన్న ఫోన్ చేసి "ఎలా జరిగింది వదినా?" అంది. తాబేళ్ళ గురించి చెప్పాను, లా ఎంత్రేగా ఫొటోలు పంపాను. కౌంటర్ గురించి చెప్పలేదు, ఇక్కడ చదువుకుంటుంది. ఆ బస్సు కంపెనీకి మాత్రం ఫిర్యాదు పంపాను, స్పానిష్‌లోకి తర్జుమా చేయించి, ఆ రోజు టికెట్ల ఫొటోలతో సహా. ఇంకా జవాబు రాలేదు. సోమవారం మళ్ళీ పంపిస్తాను.