హెడింగ్ 240, వేగం 210

మంగళవారం

ఈరోజు సిమ్యులేటర్‌లో పైలట్లకు ఆరునెలల చెక్‌లు, అంటే నైపుణ్య పరీక్షలు. అరవై దగ్గరపడ్డ కెప్టెన్ల విషయంలో ఇంజిన్ ఫెయిల్యూర్ గురించి పెద్దగా బెంగ ఉండదు. వీ1 (ఇక టేకాఫ్ ఆపకూడని వేగం) దాటాక ఇంజిన్ పోతే కాలు దానంతటదే విమానాన్ని సూటిగా ఉంచే రడ్డర్ పెడల్ మీద పడుతుంది, అన్నేళ్ల సాధన మరి. వయసు బయటపడేది రేడియోలో.

"ఎడమకు తిరిగి హెడింగ్ 240, 4000 అడుగులకు దిగండి, వేగం 210 నాట్లు, టవర్ ఫ్రీక్వెన్సీకి మారండి" అని కంట్రోలర్ గుక్క తిప్పుకోకుండా చెబితే, దిక్కు (డిగ్రీల్లో చెప్పే హెడింగ్), ఎత్తు, వేగం, ఫ్రీక్వెన్సీ, ఆ నాలుగింటినీ కాసేపు బుర్రలో నిలుపుకోవాలి. వయసుతో సన్నగిల్లేది సరిగ్గా ఆ శక్తే. 240, 210 తారుమారవుతాయి. రెండూ మూడంకెలవే, ఎటు చూసినా నమ్మబుద్ధేస్తాయి, కాబట్టి పక్క సీటువాళ్లకీ వెంటనే తట్టదు. కొందరు హెడింగ్ వినగానే దిక్కు మార్చే నాబ్ తిప్పడం మొదలుపెడతారు. చివరి ఫ్రీక్వెన్సీ చెవికెక్కదు.

దీనికి మందు పెన్నూ కాగితమూ. "హెచ్ 240, ఏ 4, ఎస్ 210" అని పొట్టిగా గీకితే చాలు. వాక్యాలు రాయబోతే వెనకబడతారు. మొత్తం విని, రాసి, తిరిగి చదివి వినిపించాలి. నాబ్ ఆ తర్వాతే. అనుమానముంటే 'సే అగైన్' (మళ్లీ చెప్పండి) అనాలి. సీనియర్లకు మొహమాటం అక్కడే!

2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం 40 నుంచి 69 ఏళ్ల పైలట్లు 118 మందిని మూడేళ్లపాటు సిమ్యులేటర్‌లో పరీక్షించింది. మొదట పెద్దవాళ్ల మార్కులు తక్కువే. కానీ ఏటేటా వాళ్లలో తగ్గుదల చిన్నవాళ్లకంటే నెమ్మదిగా ఉంది, ముఖ్యంగా ఎదురయ్యే విమానాలను తప్పించడంలో. పైస్థాయి రేటింగులు (పైలట్ అర్హతలు) ఉన్నవాళ్లు ఇంకా నయం. అదే ఏడాది డిసెంబరులో అక్కడ ఎయిర్‌లైన్ పైలట్ల వయోపరిమితి 60 నుంచి 65కి పెరిగింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2006లోనే పెంచింది. నన్నడిగితే ఆ గీత పాలనా సౌలభ్యం కోసమే, మెదడును కొలిచి గీసింది కాదు.

కళ్లద్దాలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. బైఫోకల్స్‌లో దగ్గరి చూపు అద్దం కింద ఉంటుంది, ఓవర్‌హెడ్ ప్యానెల్ ఏమో నెత్తిమీద! మేఘాల్లో విమానం వంగి తిరుగుతున్నప్పుడు స్విచ్ పేరు చదవడానికి తల బాగా వెనక్కి వాలిస్తే, లోపలి చెవి తికమకపడి విమానం ఎటో దొర్లుతున్నట్టు అనిపిస్తుంది. పైభాగంలోనూ దగ్గరి చూపు ఉండే అద్దాలు చేయించుకోవచ్చు. రెండో జత చేతికందేలా ఉండాలన్నది పైలట్ మెడికల్ సర్టిఫికెట్ షరతు. వెనక లాకర్‌లో బ్యాగులో ఉన్నది లెక్కలోకి రాదు.