గాడిపొయ్యి దగ్గర

మన హాస్టల్ వంటశాల వెనక గాడిపొయ్యి గుర్తుందా? 1977లో ఆరో తరగతిలో చేరిన నాకు బడి అనగానే ముందు ఆ పొయ్యే కళ్ళముందుకొస్తుంది. రాత్రి భోజనాలయ్యాక వంట తాత గుండిగ అడుగున మాడు గీకి నా చేతిలో పెట్టేవాడు. నేను బైబిల్లో ఒక అధ్యాయం చదివి వినిపించాలి. తాతకి చదువు రాదు. మొదటి ఏడాదంతా నేను ఆ మాడు కోసమే చదివాను.

ఒక రాత్రి సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం వచ్చింది. మందిరంలో పడుకున్న పిల్లవాణ్ణి దేవుడు పిలుస్తాడు. వాడు ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకుని పరిగెడతాడు. మూడుసార్లూ అంతే. తాత అక్కడ ఆపాడు.

"దేవుడు పిలిస్తే ముసలాయన దగ్గరికెందుకెళ్ళాడ్రా బుల్లోడా?"

తెలీదన్నాను.

"ఆడికి తెలిసిన గొంతు అదొక్కటే కదా. ఆ గొంతులాగే పిలిచుంటాడు."

నేను దైవసేవలోకి వచ్చి 30 ఏళ్లు దాటింది. పిలుపు ఎలా వచ్చిందో చెప్పే సాక్ష్యాలు చాలా విన్నాను. కలలో వెలుగు చూశామన్నవాళ్ళున్నారు, కాదనను. తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే మాత్రం, చాలామంది కథ మొదట్లో ఒక మనిషి కనిపిస్తాడు. జ్వరంలో రాత్రంతా పక్కన కూర్చున్న నర్సమ్మ, సండేస్కూలుకి వేలు పట్టుకుని తీసుకెళ్ళిన మేనత్త. సువార్తలోనూ అంతే. తోడబుట్టిన సీమోనును యేసు దగ్గరికి తీసుకొచ్చింది అంద్రెయ. యేసుది నజరేతు అనగానే నతనయేలు పెదవి విరిస్తే ఫిలిప్పు వాదనకి దిగలేదు, వచ్చి చూడమన్నాడు.

మన గోదావరి డెల్టాకి 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే మిషనరీ దంపతులు వచ్చారు. నరసాపురం, పాలకొల్లుల్లో ఉండి తెలుగు నేర్చుకున్నారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యాక అక్కడ చేరిన కూలీల మధ్యా బోధ జరిగింది. మా తాతకి తాత అక్కడ మట్టి తట్టలు మోశాడని నాయనమ్మ చెప్పేది. ఆయన విన్న వాక్యమేమిటో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఒక దొర పక్కనే నేలమీద కూర్చుని పేరుపెట్టి పిలిచాడన్న మాట మాత్రం ఇన్ని తరాలు దాటి మాదాకా వచ్చింది. ఆ రోజుల్లో మా పేట మనిషిని పూర్తి పేరుతో పిలిచేదెవరు?

1982లో పదో తరగతి పరీక్షలయ్యాక బాప్తిస్మం అడిగాను. కాలువ కట్టేశారు, నీళ్ళు వదిలేదాకా ఆగమన్నారు. ఆ రెండు నెలలూ రోజూ వెళ్ళి ఎండిన కాలువలోకి చూసొచ్చేవాణ్ణి. కొత్తనీళ్ళు వచ్చిన ఆదివారం మొలలోతులో నిలబడ్డాను. గట్టు మీద వంట తాత తువ్వాలు పట్టుకుని ఉన్నాడు. ఆ నీళ్ళు ఏ ఆనకట్ట దగ్గర మళ్ళి వచ్చాయో, అక్కడ తట్ట మోసిందెవరో ఆ పూట నాకు తట్టలేదు. తలచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

బైబిల్ ట్రైనింగ్‌లో చేరిన ఏడాది, క్రిస్మస్‌కి ముందు ఒక సాయంత్రం తాతని చూడ్డానికి హాస్టల్‌కి వెళ్ళాను. పొయ్యి దగ్గర ఎవరో చిన్న పిల్లాడు కూర్చుని, చేతిలో మాడు పెట్టుకుని చదువుతున్నాడు. నేను చీకట్లోనే ఆగాను. వాడు ఒక వాక్యం మధ్యలో తడబడ్డాడు. నిప్పులు ఎగదోస్తూ, అటు చూడకుండానే, తాత ఆ మాట అందించాడు.