గడి లేని ఫారం

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఏసీ మళ్లీ మొరాయించింది. బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి బయటి యూనిట్ మూత విప్పి, వేలు తగిలితే తెల్లటి పొడిలా రాలుతున్న అల్యూమినియం రేకులు చూపించాడు. "సముద్రపు గాలండీ. వీటిని మంచినీళ్లతో తరచూ కడగాలి. ఎక్కడో లోపలి ఊళ్లకు రాసిన షెడ్యూలే ఇక్కడా పెడితే ఎలా?" అన్నాడు. ఆఫీసులో చెప్పలేదా అని అడిగితే నవ్వాడు. ఫారంలో ఆ గడే లేదట! రోజుకు ఎన్ని ఇళ్లు తిరిగాడన్నదే లెక్కలోకి వస్తుందట.

సేవల కంపెనీకి వేరే ప్రయోగశాల ఎక్కడుంటుంది? వినియోగదారుడి ఇల్లే ప్రయోగశాల, స్పానరు పట్టుకున్న ఈ అబ్బాయే శాస్త్రవేత్త. పైవాళ్లకు మాత్రం కొత్తదనమంటే యాప్ రంగు మార్చడమే.

పని తీరులో కొత్తదనం డబ్బు లేక ఆగిపోయేది కాదు. 1976లో మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రినే చూడండి. ఒక బల్ల మీద శస్త్రచికిత్స జరుగుతుండగానే పక్క బల్ల మీద తరువాతి రోగిని సిద్ధం చేస్తారు. డాక్టరు సమయం వృథా కాదు. వాళ్లు మార్చింది పని క్రమాన్ని. రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్లలోనైతే అతిథి ఇబ్బంది తీర్చడానికి ఉద్యోగి పైవారిని అడగకుండానే 2,000 డాలర్ల వరకు ఖర్చు చేయవచ్చు. మన దగ్గర బ్రష్షు కొనాలన్నా సూపర్‌వైజరు సంతకం కావాలి.

విశాఖలో ఇలాంటి సంస్థలు నడుపుతున్న మిత్రులకు ఒకటే ప్రశ్న. మీ మెకానిక్కులు చెప్పింది వినే మనిషి ఒకరున్నారనే అనుకుందాం, ఆయనకు షెడ్యూలు మార్చే అధికారం ఉందా?