గడప ముక్కతో రెండు భరిణెలు

చిత్తూరు పక్కన మా అవ్వ వాళ్ళ పాత ఇల్లు పడగొట్టినప్పుడు అందరి కళ్ళూ ఇత్తడి బిందెల మీదే. నేను టేకు గడప ముక్కను స్కూటర్ మీద పెట్టుకుని తిరుపతికి తెచ్చేసుకున్నాను. చెద తిన్నదీ మేకులు దిగినదీ కోసేస్తే పనికొచ్చేది ఏడంగుళాలు, అంటే 178 మిల్లీమీటర్లు. అమ్మకొకటి, పిన్నికొకటి కుంకుమ భరిణె చేసిద్దామనుకున్నా. (తిరుపతిలో కర్రపని అంటే చాలు, ‘ఎర్రచందనమా?’ అని గొంతు తగ్గించి అడుగుతారు. ఆ పర్మిట్ల గొడవ నాకెందుకు!)

నిజానికి నేను బొమ్మ గీసుకునే రకం కాదు. లేత్‌కు కర్ర బిగించి, ఆ యంత్రం కర్రను గిర్రున తిప్పుతుంటే ఉలి ఆనిస్తే ఆకారం అదే వస్తుందిలే అనుకునేవాణ్ణి. అలా చేసిన మొదటి భరిణె ఇంట్లో ఇంకా ఉంది, మూత రాకుండా. తోటలో కొట్టిన మామిడి కొమ్మ, పచ్చి ఆరకముందే మే నెలలో చేసేశా. మూత టప్‌మని పడితే మురిసిపోయా. పచ్చి కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. వలయాల వెంబడి ముడుచుకునేది, గుండె నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు. గుండ్రం కాస్తా కోడిగుడ్డయింది. దానికి తోడు కార్తీకం ముసురు. మూత ఇక కదల్లేదు.

ఈసారి ఉన్నది ఒక్కటే ముక్క. గ్రాఫ్ కాగితం తీశాను. గీసేముందు అమ్మను అడిగితే, “లోపల మూలలుండకూడదురా, కుంకుమ అక్కడే గడ్డకడుతుంది. వేలు అడుగుదాకా తిరగాల. మూత ఒంటి చేత్తో రావాల” అంది. నేను అడిగింది పైన నగిషీ ఎలా ఉండాలని.

75 మి.మీ. ఎత్తు భరిణె గీశా. చూడ్డానికి బాగుంది. తర్వాత కనిపించని కర్రను లెక్కేశా. లేత్‌లో కర్రను బిగించే చక్ పట్టుకోవడానికి రెండు కొసలా బుడిపెలు, ఒక్కోటి 8. మూతను కోసి వేరు చేసేచోట 3. మూత లోపలికి దూరే మెడకు 10. మొత్తం 104. రెండింటికి 208. నా దగ్గరున్నది 178! లేత్ మీదే తేల్చుకుందామనుకుని ఉంటే పిన్నికి దక్కేది పొట్టే.

ఎత్తు 55కు దించా. ఒక్కోదానికి 84, మధ్యలో రంపం తినేది 3, మొత్తం 171. మూత 18, కింది భాగం 37. అడ్డం 60, నోరు 40. అమ్మ వేలు హాయిగా తిరుగుతుంది. అడుగు గిన్నెలా గుండ్రం. కోతకూ మెడకూ కలిపి 13 మి.మీ. పోతుంది కాబట్టి మూత మీది చారలు కింది చారలతో కలవవు. అది కంట పడకుండా అతుకు దగ్గర రెండు సన్న గాడులు గీశా. ఒక మేకు గుర్తు సరిగ్గా మెడ దగ్గర పడేలా ముక్కను తిప్పి గీశా. అక్కడ ఎలాగూ కర్ర చెక్కేస్తాం, మిగిలితే మూత కింద దాక్కుంటుంది.

పని మాత్రం రెండు సాయంత్రాల్లో అయిపోయింది. మూత లోపల ముందు తోడి, దానికి సరిపడా మెడ తీసి, మూత పెట్టి ఉంచే పైభాగం నునుపు చేశా. టేకు ఉలిని తొందరగా మొద్దుబారుస్తుంది, ఎన్నిసార్లు సాన పట్టానో. మేకు నల్లమచ్చ నేననుకున్నదానికన్నా లోతుంది, పిన్నిదాని మెడ మీద ఇంకా కనబడుతుంది.

పిన్ని ఆ రోజే కుంకుమ పోసేసుకుంది. అమ్మ ఒంటి చేత్తో మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, ఖాళీ భరిణెను దేవుడి గూట్లో పెట్టింది. కార్తీకం దాటాక చూద్దామంది.