మేడమ్‌గారికి రెండు కాయలు

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. పెద్ద కారణమేం లేదు, ఒక్క మాట. డ్రాపౌట్.

ఇవాళ కొబ్బరి దింపు తీయించాం. మా ఇంట్లో దింపు రోజు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే, అత్తయ్యగారి కేకలు కాలవ గట్టుదాకా వినపడతాయి, టిఫిన్ పదింటికి ముందు ఎవరికీ దొరకదు. బుజ్జమ్మ లెక్కల క్లాసు కాయల రాశి దగ్గరే. కుర్రాళ్ళు చేతికి రెండేసి కాయలు తీసి అవతల పడేస్తుంటే ఇది నాలుగేసి కాయల పుంజీలు లెక్కపెట్టి, పాతిక పుంజీలకోసారి పాక గోడమీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది. గీతకి వంద కాయలని దీనికెవరూ ఎక్కం అప్పచెప్పించలేదు. 12 గీతలు, పైన 10 పుంజీలు, మొత్తం 1,240 అని వాళ్ళ నాన్నకి అరిచి చెప్పింది, ఆ అరుపు విని నేను వంటింట్లో పొంగిపోతున్న టైములోనే గేటు చప్పుడైంది.

బడి బయట పిల్లల సర్వే అట. చేతిలో ఫోను, భుజాన సంచి, పాపం ఎండకి మొహం కందిపోయింది ఆవిడకి.

"పాప ఏ స్కూలండీ?"

"స్కూలు కాదండి, ఇంట్లోనే చదివిస్తున్నామండి."

"అంటే ట్యూషనాండి?"

"కాదండి, మేమేనండి."

ఆవిడ బుజ్జమ్మ వైపు చూసింది. దింపు రోజు కదా అని పాత గౌను వేశాను, జుట్టులో పీచు, ముక్కు మీద బొగ్గు. మంగళవారం పదకొండింటికి తొమ్మిదేళ్ళ పిల్ల కాయల రాశి మీద కూర్చుని ఉంది. ఆవిడ మొహంలో ఏం తిరిగిందో నాకర్థమైంది, "మా కూతురేనండి" అన్నాను గబుక్కున, అలా అన్నందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

ఫోన్లో వేలితో కిందకీ పైకీ జరిపి "ఇంట్లో చదువు అని లేదండి ఇందులో. వలస ఉంది, పని ఉంది, అనారోగ్యం ఉంది" అంది. ఒకటో క్లాసు ఆర్నెల్లు వెళ్ళిందని నోరు జారాను, ఇంకేముంది, అయితే డ్రాపౌటేనండి అని నొక్కేసింది. పిల్లనొక్క మాట అడగలేదు. ఏం చదువుతున్నావమ్మా అని లేదు, ఇదిగో ఈ పేపరు చదువు అని లేదు. గోడ మీద గీతలు కళ్ళెదురుగానే ఉన్నాయి.

ఈలోపు ఈయనొచ్చారు. వచ్చి ఊరుకుంటారా, 2009 విద్యాహక్కు చట్టం మొదలెట్టారు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఉచిత చదువు హక్కు, 10వ సెక్షన్లో దగ్గర్లోని బళ్ళో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని ఉంది నిజమే, కానీ చేర్చకపోతే తల్లిదండ్రులకి శిక్ష అని ఎక్కడా లేదు కదండీ అని. అక్కడితో ఆగలేదు, 1948 నాటి ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన 26వ ఆర్టికల్ దాకా వెళ్ళారు, పిల్లలకి ఎలాంటి చదువు కావాలో ఎంచుకునే మొదటి హక్కు తల్లిదండ్రులదేనని. ఆవిడ వాచీ చూసుకుంది. "అవన్నీ నాకు తెలీవండి, ఇంకా చాలా ఇళ్ళున్నాయండి" అంది. అత్తయ్యగారు మజ్జిగిచ్చి, రాశిలోంచి రెండు కాయలు తీసి ఆవిడ సంచిలో పెట్టి పంపించారు.

ఆవిడ వెళ్ళాక ఈయన ఉపన్యాసం నామీదకి మళ్ళింది. వదినావాళ్ళ టెక్సాస్‌లో మొదట్నుంచీ ఇంట్లోనే చదివించుకుంటే ప్రభుత్వానికి చెప్పనైనా అక్కర్లేదట, అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమేనట. న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి రిపోర్టు రాసివ్వాలి, జర్మనీలో అయితే అసలు కుదరనే కుదరదు, అవి మాత్రం చెప్పరు ఈయన. మన దగ్గర దారి లేదా అంటే ఉంది, కేంద్రం వాళ్ళ ఓపెన్ స్కూలు ఎన్ఐఓఎస్ ఉంది కదా, దాని ఓబీఈ (ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్)లో ఏ, బి, సి లెవెళ్ళు 3, 5, 8 క్లాసులతో సమానం, 14 నిండితే టెన్త్ కూడా అక్కడే రాసుకోవచ్చు. మరి ఇన్ని తెలిసినవాళ్ళం ఆవిడకి నిమ్మళంగా కూర్చోబెట్టి చెప్పొచ్చుగా, సెక్షన్లు విసరడం దేనికి.

మధ్యాహ్నమంతా గిన్నెల మీద చూపించాను కోపం. మా పిల్ల, మా ఇల్లు, ఎవరండీ మీరు అడగడానికి అని ఆవిడతో మనసులో పదిసార్లు దెబ్బలాడాను. అన్నిసార్లూ నేనే గెలిచాను.

గిన్నెలు బోర్లించేటప్పుడు అది గుర్తొచ్చింది. పేరు రాయను. నాలుగో క్లాసులో నా బెంచీ. వాళ్ళ నాన్న దింపు మనిషి, మా తాతగారి తోటలోకీ వచ్చేవాడు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మన కోనసీమలో ఎవరికి చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే చెట్లన్నీ ఒకే వైపుకి దువ్వినట్టు పడున్నాయి, మా తోటలో నిలబడ్డవి వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. చెట్టే లేకపోతే దింపేంటి, కొత్త మొక్క కాపుకి రావాలంటే అయిదారేళ్ళు. బడి మళ్ళీ తెరిచాక అది కొన్నాళ్ళొచ్చింది, తర్వాత రాలేదు. హైదరాబాదులో ఎవరింట్లోనో పిల్లాణ్ణి ఆడించడానికి పంపేశారన్నారు. రిజిస్టర్లో మేష్టారు దాని పేరు కొన్నాళ్ళు పిలిచారు, పలక్కపోతే ఎర్రసిరాతో ఏదో గీసేవారు, ఓ రోజు నుంచి పిలవడం మానేశారు. అంతే. ఎవరూ వాళ్ళ గుమ్మం ఎక్కలేదు. నేనైతే బెంచీ మీద దాని జాగాలో నా సంచి పెట్టుకున్నాను, హాయిగా ఉందనుకున్నాను కూడా. అదీ అప్పుడు తొమ్మిదేళ్ళదే, మా బుజ్జమ్మంత.

వాళ్ళింటికి అప్పుడు ఇలాంటి మేడమొకావిడ ఫోను పట్టుకుని వచ్చుంటే? దింపు మనిషి కూడా మా పిల్లేనండి, ఇంట్లోనే ఉంటుందండి అనే చెప్పేవాడేమో. గేటు దగ్గర నిలబడ్డావిడకి ఆ మాటకీ నా మాటకీ తేడా ఎలా తెలుస్తుంది?

రాత్రి భోజనాల దగ్గర ఇదే అంటే ఈయనకి నచ్చలేదు. "ఇప్పుడు నువ్వు వాళ్ళ పార్టీయా" అన్నారు. కాదండీ బాబూ. రావద్దని అనట్లేదు నేనింక, వచ్చినావిడ పిల్లతో మాట్లాడాలి, ఇంట్లో చదువు అని ఒక గడి ఉండాలి, ఏడాదికోసారి పుస్తకాలు చూపించమంటే చూపిస్తాను. "ఇవాళ పుస్తకాలంటారు, రేపు పరీక్షలంటారు" అన్నారు ఈయన. అదీ నిజమే. నాకు జవాబు తోచలేదు, పెరుగు వడ్డించాను.

అన్నట్టు సాయంత్రం వ్యాపారి వచ్చి లెక్కపెట్టుకుంటే 1,238 వచ్చాయి. ఏం బుజ్జమ్మగారూ, రెండు కాయలు ఎక్కువేశారేంటండీ అని ఆటపట్టించాడు. దీని మొహం మాడిపోయింది. మళ్ళీ లెక్కపెట్టాల్సిందేనంది, గీతలన్నీ వేలితో తడుముకుంది, అన్నం కూడా సరిగ్గా తినలేదు. పడుకున్నదల్లా దిగ్గున లేచి టార్చి పట్టుకుని పాకలోకి పరిగెత్తింది, పాములుంటాయే అని నేను వెనకాలే.

గీతల పక్కన బొగ్గుతో రాస్తోంది, "మేడమ్ గారు - 2".

"అమ్మా, ఇది అరపుంజీ అని రాయొచ్చా?"